కలమజూ కార్ఖానాలో పుట్టిన లెస్ పాల్ గిటార్

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్‌కీ షికాగోకీ నడుమ ఉంది కలమజూ. మాండలిన్ల తయారీదారు ఆర్విల్ గిబ్సన్ పేరుతో 1902లో ఇక్కడే వాద్యాల కంపెనీ మొదలైంది. పార్సన్స్ వీధిలోని దాని ఇటుక భవనం 1917 నాటిది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మగవాళ్లు సైన్యంలోకి వెళితే, ఊళ్లోని ఆడవాళ్లు ఉలి పట్టి గిటార్లు చేశారు. రాక్ సంగీతం తలరాత మార్చిన గిటార్ ఈ గోడల మధ్యే పుట్టింది.

దాని మీద ఉన్న పేరు లెస్ పాల్‌ది. 1915లో విస్కాన్సిన్‌లోని వాకెషాలో పుట్టిన గొప్ప వాద్యకారుడాయన. ఆ రోజుల్లో గుల్ల గిటార్‌ని ఆంప్లిఫయర్‌కి తగిలించి శబ్దం పెంచితే కీచుమనేది. గట్టి చెక్కయితే ఆ బాధ ఉండదు, తీగ మోత కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే పైన్ దుంగకు తీగలు బిగించి ‘లాగ్’ అనే గిటార్ చేశాడు. 1940లలో గిబ్సన్ వాళ్లకు చూపిస్తే వద్దన్నారు.

పోటీ కంపెనీ ఫెండర్ గట్టి చెక్క గిటార్లు బజారులో గెలిచాకే గిబ్సన్ కళ్లు తెరిచింది. అధ్యక్షుడు టెడ్ మెకార్టీ బృందం మహాగని దిమ్మె మీద మేపుల్ పలకను అతికించి, పై భాగాన్ని వంపుగా చెక్కించింది. అలా చెక్కడం ఈ ఫ్యాక్టరీకి ఏనాటి నుంచో అబ్బిన విద్య. బంగారు రంగు పూసి, 1952లో లెస్ పాల్ పేరుతో విడుదల చేశారు.

అసలు వైభవం 1958–60 నాటి, ఎరుపూ పసుపూ కలిసిన సన్‌బర్స్ట్ రంగు గిటార్లది. వాటిలో సెత్ లవర్ రూపొందించిన హమ్‌బకర్ పికప్‌లు, అంటే తీగల కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే భాగాలు, ఉన్నాయి. రెండు తీగచుట్టలు కలిసి కరెంటు హోరును అణచేస్తాయి. ఆ చుట్టల లెక్క అన్నిటికీ ఒక్కలా ఉండేది కాదు, అందుకే ఏ రెండు గిటార్ల నాదమూ ఒకటి కాదు. ఎర్ర రంగు వెలుతురుకు వెలిసి కొన్ని తేనె రంగుకు, కొన్ని నిమ్మపండు రంగుకు తిరిగాయి.

అప్పట్లో కొన్నవాళ్లు తక్కువ. 1961లో కంపెనీ ఆ గిటార్ స్థానంలో పల్చటి కొత్త ఆకారం తెచ్చింది. పాత లెస్ పాల్ విలువ కనిపెట్టింది బ్రిటన్ కుర్రాళ్లు. కీత్ రిచర్డ్స్ వాయించాడు. 1966లో జాన్ మేయల్ బృందంతో ఎరిక్ క్లాప్టన్ చేసిన రికార్డు విన్నవాళ్లంతా ఆ గిటార్ కోసం వెతికారు. 1968లో గిబ్సన్ మళ్లీ లెస్ పాల్ తయారీ మొదలుపెట్టక తప్పలేదు. నాటి సన్‌బర్స్ట్‌లు రెండు వేలలోపే తయారయ్యాయని అంచనా. ఇప్పుడు ఒక్కొక్కటి లక్షల డాలర్లు పలుకుతోంది.

1984లో గిబ్సన్ కలమజూ ఫ్యాక్టరీని మూసేసి, పనంతా నాష్‌విల్‌కి తరలించింది. ఊరు విడవని పాత ఉద్యోగులు కొందరు మరుసటి ఏడాదే అదే భవనంలో హెరిటేజ్ గిటార్ కంపెనీ పెట్టారు. గిటార్ మీద పేరు లెస్ పాల్ ఒక్కడిదే అయినా, ఆ నాదం ఈ పనివాళ్లందరిదీ. డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు కలమజూ కారులో రెండు మూడు గంటల దూరమే. గిటార్ నేర్చుకునే పిల్లలుంటే తప్పక తీసుకెళ్లి, పార్సన్స్ వీధి చూపించండి.