మీకు తెలుసా? పాత్రలు కడుగు తొట్టిలో పుట్టిన పరిశోధనము

పరిశోధనాంశము గ్రంథాలయములందును ప్రయోగశాలలందును మాత్రమే లభించునని తలంచువారికి, జర్మనీ దేశమునందలి బ్రౌన్‌ష్వైగ్ నగరమున నివసించిన ఆగ్నెస్ పోకెల్స్ చరిత్రము చక్కని సమాధానము.

1862లో జన్మించిన యీ విదుషీమణికి, ఆ కాలమున స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేనందున ఉన్నతవిద్య లభింపలేదు. తల్లిదండ్రుల శుశ్రూషయు గృహకృత్యములును ఆమె దినచర్య యయ్యెను. అయినను, జిడ్డును సబ్బును సోఁకినంతనే నీటి ఉపరితలము ప్రవర్తించు తీరు మారుటను గమనించి, ఇరువది యేండ్ల ప్రాయముననే ఒక రేకుతొట్టిని నీటితో నింపి, దానిపై జరుపఁదగిన పట్టీ నొకదాని నడ్డముగా నమర్చి, ఉపరితల వైశాల్యము తగ్గినకొలఁది తలతన్యత యెట్లు మారునో, నీటికంటిన చిన్నబిళ్లను పైకి లాగుటకు వలసిన బలమును త్రాసుతో తూఁచి నిర్ణయించెను.

1891లో ఆమె తన ఫలితములను లార్డ్ రేలీకి లేఖగా వ్రాయఁగా, గుణగ్రాహియైన ఆ శాస్త్రజ్ఞుఁడు దానిని ఆంగ్లమున ‘నేచర్’ పత్రికయందు ఆ యేఁటనే ప్రకటింపఁజేసెను. ఇట్టి తొట్టినే మెఱుఁగుపఱచి వాడిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఉపరితల రసాయనశాస్త్రమునకై 1932లో నోబెల్ బహుమానమును పొందెను. ఆ సంవత్సరముననే బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విద్యాలయము పోకెల్స్‌ను గౌరవ డాక్టరేటుతో సమ్మానించెను.

విశాఖపట్టణమున బాల్యవిద్య నభ్యసించిన సర్ సి. వి. రామన్ కూడ, 1921లో ఓడప్రయాణమున మధ్యధరా సముద్రపు నీలిమకు కారణము నరయఁబూని, కాంతి పరిక్షేపణ పరిశోధనమున నిమగ్నుఁడయ్యెను.

కావున పరిశోధక విద్యార్థులారా! విషయమునకై దూరముగా వెదకుటకు ముందు, నిత్యము కన్నులయెదుట జరుగుచున్నదానిని ‘ఏల?’ యని ప్రశ్నించి, ‘ఎంత?’ యని కొలిచి చూడుఁడు.