మీకు తెలుసా? పండు ధర చెట్టు మీద తేలదు, దారిలో తేలుతుంది!

మామిడి పళ్ల నూజివీడునే చూడండి. నూజివీడు రైల్వే స్టేషన్ నూజివీడులో లేదు! రైలెక్కాలంటే ఊరి నుంచి 15 కిలోమీటర్లకు పైనే వెళ్లాలి. ఎక్కడికో తెలుసా? హనుమాన్ జంక్షన్ వైపు! ఇంకో వింత వినండి. ఆ పేరులోని జంక్షన్ రైళ్లది కాదు, రోడ్లది!

ఊరికి రైలొస్తే రైతు చేతికి ఎంతొస్తుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని మన దేశపు పాత రికార్డులన్నీ తవ్విన ఆర్థికవేత్త ఉన్నారు! పేరు డేవ్ డొనాల్డ్‌సన్. 60 ఏళ్లకు పైబడిన బ్రిటిష్ కాలపు ధరలు, పంటలు, వానల లెక్కలు ఒక్కచోట చేర్చారు. ఎంత ఓపికో చూడండి!

రైలు రాకముందు సరుకు ఎక్కువగా ఎద్దుల మీదే. రోజంతా నడిచినా 30 కిలోమీటర్లు దాటేవి కావు! అంటే నూజివీడు నుంచి బెజవాడకే రెండు రోజులు! చిన్న రసాల సంగతి మీకు తెలిసిందే. వరిగడ్డి ఎంత పరిచినా, రెండు రోజులు కుదుపులు తింటే అడుగు వరస అడుగునే గుజ్జైపోతుంది!

మరి రైలు? రోజుకు 600 కిలోమీటర్ల దాకా పోగలిగేది! ఎద్దు ఇరవై రోజులు నడిచే దూరాన్ని ఒక్క రోజులో మింగేసేది!

రవాణా ఖర్చు ఎంత తగ్గిందో డొనాల్డ్‌సన్ దేంతో కొలిచారో చెప్పుకోండి? ఉప్పుతో! అప్పట్లో ఉత్తర భారతంలో 8 రకాల ఉప్పు అమ్మేవారు. ఒక్కో రకం పుట్టేది ఒక్కచోటే. పుట్టినచోట ఓ ధర, దూరపు ఊళ్లో ఇంకో ధర. ఆ తేడాయే దారి ఖర్చు! చిటికెడు ఉప్పులో దేశం దారులన్నీ దొరికిపోయాయి!

ఇక అసలు రహస్యం. రైలు చేరిన జిల్లాలో వ్యవసాయ ఆదాయం ఎంత పెరిగింది? సుమారు 16 శాతం! రైలు చేసిందల్లా పంటను దాని ధర పలికే చోటికి చేర్చడమే!

డొనాల్డ్‌సన్ మొదట చదివింది ఎకనామిక్స్ కాదు, ఫిజిక్స్! ఆక్స్‌ఫర్డ్‌లో! చివరికి 2017లో జాన్ బేట్స్ క్లార్క్ మెడల్ అందుకున్నారు. నలభై ఏళ్ల లోపు ఆర్థికవేత్తలకు అమెరికాలో ఇచ్చే గొప్ప గౌరవం అది. మన రైళ్ల లెక్క అంత దూరం వెళ్లింది!

రైళ్ల మీద ఇంకో మాట వినడానికి ఇప్పుడు మన గోదావరి వైపు రండి. కాటన్ దొర అనగానే ఆయన కట్టించిన ఆనకట్టే గుర్తొస్తుంది కదా! మద్రాసు దగ్గర రెడ్ హిల్స్‌లో రాళ్లు మోయడానికి వేసిన రైలు దారి వెనుక ఉన్నదీ ఆయనే! ఎప్పుడు? 1837లో! బొంబాయి, ఠాణేల మధ్య ప్రయాణికుల రైలు అప్పటికి ఊహల్లో కూడా లేదు!

ఆ కాటనే తర్వాత రైళ్ల మీద విరుచుకుపడ్డారు! 1872లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు నిలబడి వాదించారు. కాలువలు తవ్వి ఆవిరి పడవలు నడిపితే, రైళ్లకు పెట్టినదాంట్లో ఎనిమిదో వంతుకు మించి ఖర్చు కాదన్నారు! పైగా ఆ నీళ్లతోనే పొలాలూ పండుతాయన్నారు!

ఆయన కోపానికి కారణం లేకపోలేదు. రైల్వే కంపెనీకి లాభం వచ్చినా రాకపోయినా, పెట్టుబడి మీద 5 శాతం గ్యారంటీ! తక్కువ పడితే భర్తీ చేసింది ఎవరో తెలుసా? ఇక్కడ పన్నులు కట్టిన మన తాతముత్తాతలే!

మరి కాటన్ పడవల కల చచ్చిపోయిందా? లేదు! 2008లో మన కాలువలను జాతీయ జలమార్గంగా ప్రకటించారు. నాలుగో నంబరు! బెజవాడ నుంచి ఏలూరు వెళ్లే మన ఏలూరు కాలువ కూడా అందులో ఉంది!

మళ్లీ రైలు దగ్గరికి వద్దాం. టికెట్ మీద ఓ చిన్న వాక్యం అచ్చువేశారు, ఎప్పుడైనా చదివారా? మీ ప్రయాణానికయ్యే ఖర్చులో రైల్వేకు తిరిగొచ్చేది సగటున 57 శాతమేనని! మిగతా బరువులో పెద్ద వాటా ఎవరి నెత్తిన? బొగ్గు, సిమెంటు మోసే గూడ్సు బళ్ల నెత్తిన! మనం చవగ్గా కూర్చుంటే సరుకు ఎక్కువ చెల్లిస్తోంది!

మరి పళ్లకు? 2020లో కిసాన్ రైళ్లు మొదలయ్యాయి. దేశంలో రెండోది, దక్షిణాదిలో మొట్టమొదటిది మన అనంతపురం నుంచే ఢిల్లీకి కదిలింది! పళ్లు, కూరగాయల కిరాయిలో 50 శాతం రాయితీ కూడా ఇచ్చారు. ఆ జాబితాలో మామిడీ ఉండేది!

కాటన్ పడవ అన్నారు. డొనాల్డ్‌సన్ రైలు లెక్క తేల్చారు. ఇద్దరి మాటా ఒక్కటే: కిరాయి తగ్గితే రైతు బతుకుతాడు! ఈ వేసవిలో నూజివీడు రసాలు కొంటున్నారా? డజను ఎంత అని అడిగాక ఇంకొక్క ప్రశ్న వేయండి. ఇక్కడికి తేవడానికి కిరాయి ఎంత పడిందని! రైతుకు ఎంత మిగిలి ఉంటుందో అక్కడే కొంత తెలుస్తుంది!