ఆర్‌ఏసీ బెర్తులో ఎలక్ట్రాన్లు

సాలువాలో పొద్దు కవాతుతో మొదలవుతుంది. ఈస్టర్న్ ఫ్రంటియర్ రైఫిల్స్ జవాన్లు మైదానంలో బారులు తీరి, చెయ్యి చాచి పక్కవాడితో ఎడం చూసుకుని నిలబడతారు. ఏ మూల నుంచి చూసినా బారు బారుగానే కనిపిస్తుంది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఖరగ్‌పూర్ జంక్షన్. 1072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరు మోసింది. రైలొచ్చి ఆగితే అక్కడ కనిపించేది వేరే లోకం. ఎవరి దారి వాళ్లదే, కానీ ఎవరి అడుగూ వాళ్ల చేతిలో ఉండదు. పక్కవాడు జరిగితేనే మనం జరగాలి.

ఒకే ఊరి దాపున వరుసా ఉంది, గుంపూ ఉంది. ఘనపదార్థం లోపల ఈ రెండూ ఒకేచోట ఉంటాయి. పరమాణువులు సాలువా బారుల్లా నిలబడతాయి. వాటి నడుమ ఎలక్ట్రాన్లు ప్లాట్‌ఫారం జనంలా తిరుగుతాయి. ఆ వరుసలో ఈ గుంపు ఎలా నడుచుకుంటుందో కాగితం మీద లెక్కగట్టి చెప్పడమే సాంద్ర పదార్థ సిద్ధాంతం చేసే పని. రాగి ఎందుకు ఎర్రగా మెరుస్తుంది, అయస్కాంతం ఇనుమును ఎందుకు లాగుతుంది, ఫోన్‌లోని సిలికాన్ ఎలా పనిచేస్తుంది అన్న ప్రశ్నలన్నీ చివరికి అక్కడికే చేరతాయి.

స్తంభం మీద రెండు పదార్థాలు

ప్లాట్‌ఫారం మీద నిలబడి తలెత్తి చూడండి. పట్టాల మీదుగా సాగే తీగ రాగిది. దాని అడ్డుకోత 107 చదరపు మిల్లీమీటర్లు, అందులో 25,000 వోల్టుల కరెంటు. తీగ బరువు మోసే చేతికీ స్తంభానికీ మధ్య గోధుమరంగు పింగాణీ గిన్నెలు పేర్చినట్టు కనిపిస్తాయి. ఈ రెంటి విద్యుత్ నిరోధకతను పోలిస్తే, తేడా ఒకటి పక్కన దాదాపు ఇరవై సున్నాలు. ఒక పదార్థాన్ని మరో పదార్థంతో పోల్చినప్పుడు ఇంత అంతరం చూపించే గుణాలు ప్రకృతిలో చాలా అరుదు.

ఆ రాగితీగలో ఒక్క సెంటీమీటరు ముక్క తీసుకుంటే అందులో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు సుమారు తొమ్మిది పక్కన 22 సున్నాలు. 300 ఆంపియర్ల కరెంటు పారుతున్నప్పుడు కూడా ఆ గుంపు మొత్తంగా జరిగే వేగం సెకనుకు మిల్లీమీటరులో ఐదోవంతు. పైగా అది సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగే కరెంటు కాబట్టి, గుంపు ఊగేది వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఆ కాస్త ఊగులాటే హౌరా నుంచి వచ్చిన బండిని వాల్తేరు వైపు లాక్కుపోతుంది.

బారు తప్పకపోతే అడ్డే లేదు

1900లో జర్మనీలో పాల్ డ్రూడె మొదటి నమూనా కట్టాడు. ఎలక్ట్రాన్లు గోళీల్లా పరుగెత్తి పరమాణువులను గుద్దుకుంటాయి, ఆ గుద్దుకోవడమే నిరోధం అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. కానీ కొలిచి చూస్తే రాగిలో ఎలక్ట్రాన్ ఒక్క దెబ్బ తినేలోగా, మామూలు ఉష్ణోగ్రత దగ్గరే, సుమారు 40 నానోమీటర్లు పోతుంది. అంటే దాదాపు నూట యాభై పరమాణువులను దాటేస్తుంది. దట్టంగా నిలబడ్డ బారులో అన్ని వరుసలను తగలకుండా దాటడం గోళీకి సాధ్యమా?

గోళీకి కాదు, అలకు సాధ్యం. 1928లో ఫెలిక్స్ బ్లాఖ్ ఈ ముడి విప్పాడు. ఎలక్ట్రాన్ క్వాంటం అల. అది సమాన ఎడంతో నిలిచిన పరమాణువుల బారులో చెదరకుండా సాగిపోతుంది. అడ్డు తగిలేది పరమాణువులు ఉన్నందువల్ల కాదు, అవి బారు తప్పినందువల్ల. వేడికి ఊగిసలాడే పరమాణువు, మధ్యలో దూరిన మలినం, విరిగిన వరుస: నిరోధం అంతా వీటి వల్లే. సాలువా మైదానంలో ఒక్క జవాను అడుగు తడబడితే చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగినట్టు, అల కూడా అక్కడే చెదురుతుంది.

ఈ అలల శక్తులు ఎడతెగకుండా ఉండవు. పట్టీలు పట్టీలుగా, మధ్య మధ్య ఖాళీలతో ఉంటాయి. 1931లో అలన్ విల్సన్ దీన్నుంచి వాహకానికీ బంధకానికీ తేడా చెప్పాడు. పట్టీ పూర్తిగా నిండితే ఎలక్ట్రాన్ మారడానికి చోటుండదు, అది పింగాణీ. సగం నిండితే కావలసినంత చోటు, అది రాగి. ఖాళీ సన్నగా ఉంటే సిలికాన్. 1944లో అమెరికా ఇరవయ్యో బాంబర్ కమాండ్ ఖరగ్‌పూర్‌ను కేంద్రంగా చేసుకున్నప్పుడు, బి-29 విమానాల రాడార్లలో సంకేతాన్ని పట్టింది చిన్న సిలికాన్ స్ఫటికమే. ఆ స్ఫటికాల కోసం సిలికాన్‌ను శుద్ధిచేయడం నేర్చిన ప్రయోగశాలల నుంచే, 1947లో ట్రాన్సిస్టర్ బయటికొచ్చింది.

వాల్తేరు పాఠం

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు ఇంతగా వినబడడానికి కారణం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. ఆ కంపెనీ పట్టాలు ఇటు వాల్తేరు దాకా సాగాయి. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి మనవాళ్లు ఆ దారినే వర్క్‌షాపు పనులకు వచ్చారు. అదే పట్టాలకు అవతలి కొసన, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, బారు తీరిన పరమాణువుల లెక్కకు ఒక గొప్ప పనిముట్టు తయారైంది.

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర పరిశోధన చేసి వాల్తేరుకు వచ్చారు. టి.వెంకటరాయుడుతో కలిసి, స్ఫటికంలోని పరమాణువులు ఎన్ని రకాలుగా కంపించగలవు, వాటిలో ఏవి రామన్ వర్ణపటంలో కనిపిస్తాయి అన్నది గణితంలోని సమూహ సిద్ధాంతంతో తేల్చే పద్ధతిని 1939 ప్రాంతంలో ఇచ్చారు. వాళ్లిద్దరూ రాసిన సమూహ సిద్ధాంత గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. వాళ్లు లెక్కగట్టింది పరమాణువుల ఊపును, ఎలక్ట్రాన్లను కాదు. అయినా పాఠం ఒక్కటే. ఒక వరుసను చూస్తే తక్కిన వరుసలన్నీ తెలిసిపోయే చోట, లక్షల లెక్కలు చేయక్కర్లేదు. సౌష్ఠవం చేతికి చిక్కితే కొండంత పని గుప్పెడవుతుంది. ఈనాటికీ ఎలక్ట్రాన్ లెక్కకు కూర్చున్నవాళ్లు మొట్టమొదట అడిగేది స్ఫటిక సౌష్ఠవం ఏమిటనే.

లెక్క తప్పిన చోటు

పట్టీల లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. ప్రతి ఎలక్ట్రానూ తక్కిన గుంపు ఉన్నట్టే ఎరగకుండా ఒంటరిగా పోతుందన్నదే ఆ ఊహ. 1937లో బ్రిస్టల్‌లో జరిగిన సమావేశంలో డచ్ శాస్త్రవేత్తలు డి బోర్, వెర్వే దీన్ని నిలదీశారు. వాళ్లు చూపించింది నికెల్ ఆక్సైడ్‌ను. అందులో నికెల్ ఎలక్ట్రాన్ల పొరలో పది చోట్లుంటే ఎనిమిదే నిండాయి. పట్టీల లెక్క ప్రకారం అది లోహంలా కరెంటును పారనివ్వాలి. కానీ అది ఆకుపచ్చటి బంధకం. రుడాల్ఫ్ పైయెర్ల్స్, నెవిల్ మాట్ వెంటనే లోపం ఎక్కడుందో పట్టుకున్నారు. రుణావేశం ఉన్న ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ తోపులాట బలంగా ఉంటే గుంపు మొత్తం ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. ఇలాంటివాటిని మాట్ బంధకాలు అంటారు.

బోగీ లెక్క

1963లో జాన్ హబ్బర్డ్ దీన్ని అతి సరళమైన నమూనాగా మార్చాడు. మనకు రైలు బోగీలో అది ఇట్టే అర్థమవుతుంది. ప్రతి పరమాణువూ ఒక బెర్తు. బెర్తు మీద ఒకరుంటే హాయి. ఇద్దరూ ఉండొచ్చు, కానీ ఆర్‌ఏసీలో సైడ్ లోయర్ పంచుకున్నట్టు మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. ఆ ఇబ్బందికి కట్టే శక్తి మూల్యం పేరు ‘యు’. పక్క బెర్తుకు జరగాలన్న తహతహ పేరు ‘టి’. ఇంకొక్క నియమం: ఒకే బెర్తులో ఇద్దరు చేరాలంటే వాళ్ల స్పిన్‌లు, అంటే ఎలక్ట్రాన్లకు సహజంగా ఉండే చిన్న అయస్కాంత దిశలు, వ్యతిరేకంగా ఉండాలి. అది శాస్త్రవేత్త పౌలీ పెట్టిన కట్టడి. నమూనా అంతా ఇంతే.

ఇప్పుడు బెర్తుకొకరు చొప్పున బోగీ నిండిందనుకోండి. ఎవరు పక్కకు జరిగినా ఆర్‌ఏసీ తప్పదు. ‘టి’ కన్నా ‘యు’ బాగా పెద్దదైతే ఎవరూ కదలరు. బెర్తుకు ఇద్దరు పట్టే బోగీ సగమే నిండినా రాకపోకలు బంద్. ఇదే మాట్ బంధకం.

కదలకపోయినా ఊరికే ఉండరు. ఒక్క క్షణం పక్క బెర్తులోకి తొంగి వచ్చే వీలు క్వాంటం లోకంలో ఉంటుంది. అది పొరుగువాడి స్పిన్ ఎదురుగా ఉంటేనే కుదురుతుంది. అలా తొంగిచూస్తే శక్తి కాస్త తగ్గుతుంది. అందుకని పక్కపక్కవాళ్లు ఒకరు పైకి, ఒకరు కిందికి స్పిన్ పెట్టుకుని బారు తీరతారు. నికెల్ ఆక్సైడ్‌లో ఈ ఏకాంతర అయస్కాంత వరుస సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాకా నిలుస్తుంది. గుంపు తనంతట తానే కవాతు నేర్చుకుందన్నమాట. ఈ శాస్త్రంలో నన్ను అన్నిటికన్నా కదిలించే సంగతి ఇది. క్రమం పైనుంచి ఎవరో ఇచ్చింది కాదు, ఒకరినొకరు ఓర్చుకోవడంలోంచి పుట్టింది.

రెండే అక్షరాల నమూనా కదా, కంప్యూటరుకు ఇస్తే సరి అనిపిస్తుంది. ఒక్కో బెర్తుకు నాలుగు స్థితులు: ఖాళీ, పై స్పిన్, కింది స్పిన్, ఇద్దరూ. పది బెర్తులకు 10,48,576 అమరికలు. ఇరవై బెర్తులకు సుమారు 1.1 లక్షల కోట్లు. 72 బెర్తుల స్లీపర్ బోగీకి రెండు పక్కన 43 సున్నాలు! సాలువా పక్కనే ఉన్న ఐఐటీ ఖరగ్‌పూర్‌లో 2022లో జాతికి అంకితమైన పరమ్ శక్తి సూపర్ కంప్యూటర్ సామర్థ్యం 1.66 పెటాఫ్లాప్స్. అంటే సెకనుకు 1,660 లక్షల కోట్ల గణనలు చేయగలదు. అమరికకు ఒక్క గణన చొప్పున ఒక్క బోగీని లెక్కించాలన్నా దానికి విశ్వం వయసుకు మూడువేల కోట్ల రెట్ల కాలం పడుతుంది. మరి రాగితీగ ముక్కలో ఉన్నది 72 బెర్తులా?

ఏది వదలాలి, ఏది ఉంచాలి

కాబట్టి వేగంతో గెలవలేం, వివేకంతో గెలవాలి. 1964, 65లలో వాల్టర్ కోన్, పియరి హోహెన్‌బర్గ్, లూ షామ్ ఒక దారి చూపారు. ఏ ఎలక్ట్రాన్ ఎక్కడుందో అక్కర్లేదు, ఏ చోట ఎంత సాంద్రత ఉందో తెలిస్తే అత్యల్ప శక్తి స్థితి మొత్తం అందులోనే ఇమిడి ఉంటుందని రుజువు చేశారు. రైల్వేవాళ్లు అదనపు బోగీ వేయడానికి ప్రతి ప్రయాణికుడి చిరునామా అడగరు, ఏ స్టేషనులో ఎంతమంది ఉన్నారో చూస్తారు. ఈ సాంద్రతా పద్ధతికి కోన్‌కు 1998 రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. బ్యాటరీ పదార్థం నుంచి ఉత్ప్రేరకం దాకా ఇవాళ్టి లెక్కలు చాలావరకు దీనిమీదే నడుస్తాయి. కానీ ఆచరణలో వాడే ఉజ్జాయింపులు తోపులాట బలంగా ఉన్నచోట మొరాయిస్తాయి. నికెల్ ఆక్సైడ్ మళ్లీ చిక్కుపెడుతుంది.

అక్కడ 1990ల మొదట్లో ఆంత్వాన్ జార్జ్, గాబ్రియెల్ కోట్లియార్ తదితరులు పెంచిన గతిక సగటు క్షేత్ర పద్ధతి ఆదుకుంది. ఒక్క బెర్తును తీసుకుని అందులోకి వచ్చేపోయేవాళ్లను క్షణక్షణం గమనించు, తక్కిన బోగీని ఒక సగటు గుంపుగా భావించు, చివరికి నీ బెర్తు ప్రవర్తనా ఆ సగటూ ఒకటయ్యేదాకా సరిదిద్దు అంటుంది ఆ పద్ధతి. వెనేడియం ఆక్సైడ్ ఒకటి సుమారు మైనస్ 120 డిగ్రీల దగ్గర లోహం నుంచి బంధకంగా మారి లక్షల రెట్లు నిరోధం పెంచుకునే తీరును ఇలాంటి లెక్కలతోనే అర్థం చేసుకుంటున్నారు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో అర్ఘ్య తరఫ్‌దార్ వంటి సిద్ధాంతకర్తలు ఏళ్లతరబడి పనిచేసింది ఈ బలమైన తోపులాట ఉన్న పదార్థాల మీదే.

ఖాళీ బెర్తు మహిమ

బిగుసుకున్న బోగీలోంచి కొందరిని దింపేస్తే? ఖాళీ బెర్తులు ఏర్పడతాయి, కదలిక మొదలవుతుంది. 1986లో జ్యూరిచ్‌లో బెడ్‌నార్జ్, ముల్లర్ చేసింది ఒకరకంగా ఇదే. లాంథనం, రాగి, ఆక్సిజన్‌ల మాట్ బంధకంలో కొంత లాంథనం బదులు బేరియం పెట్టారు. ఎలక్ట్రాన్లు కొన్ని తగ్గాయి. 35 కెల్విన్ దగ్గర నిరోధం మాయమవడం మొదలైంది. మరుసటి ఏడాదే మరో రాగి ఆక్సైడ్ 93 కెల్విన్‌కు, అంటే ద్రవ నైట్రోజన్‌తో అందుకోగల చలికి చేరింది. ఈ అతివాహకత రహస్యం హబ్బర్డ్ బోగీలోనే ఉందని 1987లో ఫిలిప్ ఆండర్సన్ వాదించాడు. మన గణపతి భాస్కరన్ ఆయనతో కలిసి ఆ ఆలోచనకు రూపమిచ్చారు. పూర్తి జవాబు ఇంకా రాలేదు. బెర్తులు ఒకే గీతలో ఉంటే హబ్బర్డ్ లెక్కకు కచ్చితమైన పరిష్కారాన్ని 1968లో లీబ్, వూ ఇచ్చారు. రాగి ఆక్సైడ్లలోలా తలం మీద పరిస్తే నేటికీ ఎవరికీ చిక్కలేదు.

లెక్కకు లొంగని బోగీని 2008లో జ్యూరిచ్, మైన్జ్ ప్రయోగశాలల్లో నిజంగానే కట్టారు. లేజర్ కాంతితో గుంటల వరుస అల్లి, అతిచల్లని పొటాషియం పరమాణువులను అందులో కూర్చోబెట్టారు. తోపులాట పెంచితే అవి గుంటకొకటిగా బిగుసుకున్నాయి. రెండక్షరాలతో కాగితం మీద రాసుకున్నది కళ్లెదుట జరిగింది.

నమూనా అంటే నిజం కన్నా తక్కువైన నకలు అనుకుంటాం. నా మటుకు అది నిజంలోంచి అసలు సంగతిని వేరు చేసే చూపు. బ్లాఖ్ బారును ఉంచి తోపులాటను వదిలాడు, రాగి అర్థమైంది. హబ్బర్డ్ తోపులాటను ఉంచి తక్కినదంతా వదిలాడు, నికెల్ ఆక్సైడ్ అర్థమైంది. తలం మీది గుంపులో ఏది ఉంచి ఏది వదలాలో చెప్పగలిగినవాళ్లు ఇంకా రావాలి. దానికి కావలసింది కాగితం, పెన్సిలు, బోగీలో పక్కవాడు జరిగితే తప్ప మనం జరగలేమన్న అనుభవం. ఆ అనుభవం ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన ఏ పిల్లకైనా, ఏ పిల్లవాడికైనా కొత్త కాదు.