చలి, వాన కలిసిన దారిలో ఏ జర్కిను ధరించాలి?

సరిహద్దు జిల్లాల తెలుగువారికి వాన తెలుసు, చలి కూడా కొంత తెలుసు. ఈ రెండూ ఒకేసారి మీద పడితే ఎలా ఉంటుందో మాత్రం చాలామందికి అనుభవంలో లేదు. యానాంలో శ్రావణమాసపు జల్లులో తడిసినవారు ఇంటికి వచ్చి తల తుడుచుకుని, పొడిబట్టలు కట్టుకుంటే సరిపోతుంది. బళ్లారిలో పుష్యమాసపు తెల్లవారుజామున ఒక దుప్పటి కప్పుకుంటే చలి తీరుతుంది. ఈ అలవాటుతోనే ఏటా ఎందరో అమర్‌నాథ్, కేదార్‌నాథ్ యాత్రలకు బయలుదేరుతుంటారు. సంచిలో ఒక మందపాటి స్వెట్టరు, ఒక పలుచని ప్లాస్టిక్ రెయిన్‌కోటు పెట్టుకుని, చలికి అన్నీ సిద్ధమైనట్లు భావిస్తారు.

ఆ భావన ఎంత ప్రమాదకరమో 1996 ఆగస్టులో దేశమంతటికీ తెలిసివచ్చింది. అమర్‌నాథ్ మార్గంలో అకాలంగా వర్షం, మంచుతుఫాను విరుచుకుపడగా 240 మందికి పైగా యాత్రికులు మరణించారు. తడి, చలి, అలసట కలిసి వారిలో అనేకుల ప్రాణాలు తీశాయి. ఆ దుర్ఘటనపై నియమించిన నితీశ్ సేన్‌గుప్తా కమిటీ, యాత్రికుల సంఖ్యకు పరిమితి విధించాలని సూచించింది. ప్రభుత్వం చేయవలసిన ఏర్పాట్లు అలా ఉండగా, యాత్రికుడు తన ఒంటిమీద చేసుకోవలసిన ఏర్పాటు ఒకటి ఉంది. అదే సరైన దుస్తుల ఎంపిక. ఇందులో అడగవలసిన మొదటి ప్రశ్న "ఇది ఎంత మందం?" అన్నది కాదు, "ఇది తడిస్తే ఏమవుతుంది?" అన్నది.

వెచ్చదనం ఎక్కడిది?

స్వెట్టరు వేడిని పుట్టించదు. వేడిని పుట్టించేది శరీరమే. బట్ట తన పోగుల మధ్య గాలిని కదలకుండా పట్టి ఉంచి, ఆ వేడి బయటికి పోకుండా ఆపుతుంది. నిలిచి ఉన్న గాలి గుండా వేడి చాలా నెమ్మదిగా ప్రవహిస్తుంది. బట్ట తడిసినప్పుడు ఆ గాలి ఉండవలసిన చోటును నీరు ఆక్రమిస్తుంది. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. అంటే తడిసిన మందపాటి బట్టకన్నా పొడిగా ఉన్న పలుచని బట్టే మేలు.

దీనికి ఈదురుగాలి తోడైతే నష్టం మరింత పెరుగుతుంది. వేసవిలో నీళ్ల సీసాకు తడిగుడ్డ చుట్టి గాలికి పెడితే లోపలి నీరు చల్లబడడం అందరికీ తెలిసినదే. తడిసిన చొక్కాతో కొండగాలిలో నిలబడిన మనిషి స్థితి కూడా ఆ సీసా వంటిదే. చర్మం మీద ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి అవసరం. ఈ లెక్కన 100 గ్రాముల నీటికి 58,000 కేలరీలు. ఆ వేడి అంతా శరీరం నుంచే పోయి, తిరిగి పుట్టకపోతే, 60 కిలోల మనిషి ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పడిపోతుంది. ఒంటిమీది దుస్తులు తడిస్తే పట్టే నీరు 100 గ్రాములకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఎత్తు కూడా ముఖ్యమే. పైకి వెళ్లే కొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్ల ఎత్తున ఉంది. పహల్‌గామ్ దారిలోని మహాగుణస్ కనుమ 4,200 మీటర్లకు పైబడినది. జమ్మూలో 35 డిగ్రీల ఎండ కాస్తున్న రోజున కూడా గుహ వద్ద సుమారు 12 డిగ్రీలే ఉండవచ్చు. వర్షం పడితే ఇంకా తగ్గుతుంది. ఉష్ణోగ్రత ఒక్కసారిగా 5 డిగ్రీలకన్నా దిగువకు పడిపోవచ్చని అమర్‌నాథ్ దేవస్థానం బోర్డు యాత్రికులను హెచ్చరిస్తూ ఉంటుంది.

ఏ బట్ట తడిస్తే ఏమవుతుంది?

నూలుబట్ట: మన ఎండలకు ఇది ఎంత హాయినిస్తుందో, చలివానలో అంత హాని చేస్తుంది. నీటిని విపరీతంగా పీల్చుకుని, ఒంటికి అతుక్కుని, ఆరడానికి గంటల సమయం తీసుకుంటుంది. నూలు బనియను, జీన్స్ ప్యాంటు, టోపీ ఉన్న నూలు స్వెట్‌షర్టు అన్నీ ఈ కోవకు చెందినవే.

ఉన్ని: తన బరువులో సుమారు 30 శాతం తేమను పీల్చుకున్నా తడిసినట్లు అనిపించదు. పూర్తిగా తడిసినా పోగుల వంపు అణగిపోదు కనుక కొంత గాలి నిలిచి, కొంత వెచ్చదనం మిగులుతుంది. చిత్రదుర్గ, అనంతపురం ప్రాంతాల గొర్రెల కాపరులు గొంగళిని కొప్పెగా మడిచి తలమీదుగా వేసుకుని వానలో మందను కాయడం వెనుక ఉన్న సూత్రం ఇదే. ఉన్నికి ఉన్న లోపమల్లా తడిస్తే బరువెక్కడం.

ఫ్లీసు: పాలియెస్టరు పోగులతో నూగుగా నేసిన బట్ట ఇది. అమెరికాలో 1979లో మొదట తయారైంది. పోగులు నీటిని దాదాపు పీల్చవు. పిండి విదిలిస్తే చాలావరకు నీరు పోతుంది, త్వరగా ఆరుతుంది. గాలిని మాత్రం ఆపలేదు కనుక పైన మరొక పొర తప్పనిసరి.

ఈకల జర్కిను: బాతుల నూగు ఈకలు నింపిన ఈ జర్కిను పొడి చలిలో సాటిలేనిది, బరువు కూడా తక్కువ. అయితే తడిస్తే ఈకలు ముద్దకట్టి ప్రయోజనం లేకుండా పోతుంది. ఖరీదైనది కనుక అన్నిటికీ మంచిదేనని భ్రమపడరాదు. దీనిని రాత్రి గుడారంలో వేసుకోవడానికి దాచుకోవచ్చు.

పాలియెస్టరు దూది నింపిన జర్కిను: ఈకల జర్కినుకన్నా కొంత బరువు, కానీ తడిసినా వెచ్చదనాన్ని పూర్తిగా కోల్పోదు. ధర కూడా తక్కువ. చలి, వాన కలిసిన చోట సామాన్య యాత్రికునికి ఇదే అనువైనది.

మూడు పొరల పద్ధతి

ఒకే మందపాటి జర్కినుకన్నా మూడు పలుచని పొరలు మేలు. ఒంటిని తాకే మొదటి పొర పాలియెస్టరు బనియను లేదా పలుచని ఉన్ని బనియను కావాలి. అది చెమటను చర్మం నుంచి తొలగిస్తుంది. రెండవది వెచ్చదనం నిలిపే పొర. ఇందుకు ఫ్లీసు, ఉన్ని స్వెట్టరు, పాలియెస్టరు దూది జర్కినులలో ఏదైనా సరిపోతుంది. మూడవది వానను, గాలిని ఆపే పై పొర.

నడకలో చెమట కూడా వానతో సమానమైన శత్రువే. నిలువెక్కుడు దారిలో స్వెట్టరు, దానిపై ప్లాస్టిక్ కోటు వేసుకుని నడిచినవారు చినుకు పడకపోయినా లోపల తడిసిపోతారు. పొరలుగా ధరించినవారు ఎక్కేటప్పుడు ఒకటి తీసి, ఆగినప్పుడు మళ్లీ వేసుకోగలరు.

దుకాణంలో చూడవలసినవి

మూడు పొరలలో కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టదగినది పై పొర. "నీటిని తట్టుకుంటుంది" అన్న మాటకు, "నీరు చొరబడదు" అన్న మాటకు చాలా తేడా ఉంది. మొదటి రకం చిన్న జల్లుకే ఆగుతుంది. రెండవ రకం చీటీ మీద 5,000, 10,000 మిల్లీమీటర్ల వంటి అంకెలు ఉంటాయి. ఎంత ఎత్తు నీటి స్తంభపు ఒత్తిడి వరకు బట్ట నీటిని ఆపుతుందో ఆ అంకె చెబుతుంది. భుజాన సంచి పట్టీ నొక్కేచోట, కూర్చున్నచోట ఒత్తిడి ఎక్కువ కనుక పెద్ద అంకె మంచిది. గ్రాములలో రాసే మరో అంకె, 24 గంటల్లో ఒక చదరపు మీటరు బట్ట గుండా ఎంత ఆవిరి బయటికి పోతుందో తెలుపుతుంది. అది ఎక్కువగా ఉంటే చెమట తక్కువగా నిలుస్తుంది.

అంకెలు చూసిన తర్వాత జర్కినును తిరగవేసి కుట్లు చూడాలి. కుట్టు మీద పట్టీ అతికించి ఉండకపోతే సూది రంధ్రాల గుండా నీరు కారుతుంది. జిప్పు మీద కప్పు ఉందా, తలటోపీని తాడుతో బిగించవచ్చునా, ముంజేతుల వద్ద పట్టీ ఉందా, అంచు నడుము దిగువ వరకు వస్తుందా అన్నవి పరిశీలించాలి. చంకల కింద జిప్పులు ఉంటే మరీ మంచిది. లోపల స్వెట్టరు వేసుకునే కొలత చూడాలి. చేతులు పైకెత్తినప్పుడు నడుము బయటపడకూడదు.

ఇంటికి తెచ్చాక పది నిమిషాలు కుళాయి కింద పరీక్షించడం మంచిది. లోపల వార్తాపత్రిక పెట్టి పై నుంచి నీరు వదిలితే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. ఉన్ని అసలుదా కాదా అన్న అనుమానం ఉంటే ఒక పోగు తీసి కాల్చి చూడవచ్చు. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, పొడి అయ్యే బూడిద మిగులుతుంది. కృత్రిమ పోగు కరిగి గట్టి పూసలా మారుతుంది. నూలు కాగితంలా కాలిపోతుంది.

ఎప్పుడు కొనాలి?

అమర్‌నాథ్ యాత్ర సాధారణంగా జూలై, ఆగస్టులలో జరుగుతుంది. ఆ నెలల్లో మన పట్టణాల్లో చలిదుస్తులు దొరకడం కష్టం. చలికాలంలో టిబెటన్ శరణార్థులు అనేక పట్టణాలలో స్వెట్టర్ల దుకాణాలు పెడతారు. కర్ణాటకలోని బైలుకుప్పె, ముండగోడులలోను, ఒడిశాలో పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలోని చంద్రగిరిలోను వారి స్థావరాలు ఉన్నాయి. యాత్ర తలపెట్టినవారు ముందటి చలికాలంలోనే రెండవ పొరను కొనిపెట్టుకోవడం ఉత్తమం. అక్కడ దొరికే ఆక్రిలిక్ స్వెట్టరు కూడా నూలుకన్నా ఎంతో నయం.

దారిలో పాటించవలసినవి

సామాను గుర్రం మీద వేసి పంపేవారు వానకోటును కూడా అందులో పెట్టి పంపడం సాధారణంగా జరిగే పొరపాటు. పై పొర ఎప్పుడూ భుజాన ఉన్న సంచిలో, అన్నిటికన్నా పైన ఉండాలి. ఒక జత పొడిబట్టలు, మేజోళ్లు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి విడిగా ఉంచాలి. తడవక ముందే, మొదటి చినుకుకే వానకోటు వేసుకోవాలి. ఈ దారిలో చీర అనువైనది కాదని, సల్వార్ కమీజు లేదా ప్యాంటు మేలని బోర్డు మహిళలకు సూచిస్తుంది. పంచెకట్టు పెద్దలకూ ఇదే వర్తిస్తుంది.

ఆగని వణుకు, మాట తడబాటు, అడుగు తడబాటు, మగత కనిపిస్తే శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీలకన్నా దిగువకు జారుతోందని అనుమానించాలి. వణుకు తగ్గినా మగత పెరిగితే అది కోలుకోవడం కాదు, పరిస్థితి విషమించడమే. వయసు పైబడినవారిలో వణుకు సరిగా కనిపించకపోవచ్చు. వెంటనే గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు తీసి, పొడిబట్టలు, కంబళి కప్పాలి. స్పృహ ఉంటే వేడి తీపి పానీయం ఇవ్వాలి. మద్యం ఇవ్వరాదు, చేతులు కాళ్లు గట్టిగా రుద్దరాదు. ఆలస్యం చేయక దారిలోని వైద్య శిబిరానికి చేర్చాలి.

సారాంశం ఇదే. చర్మానికి నూలు తగలనివ్వకూడదు, మధ్యలో ఉన్ని గాని ఫ్లీసు గాని ఉండాలి, పైన నీరు చొరబడని కోటు ఉండాలి. ఈ మూడూ సమకూర్చుకోవడానికి పెద్ద సంపద అవసరం లేదు, కొన్ని నెలల ముందుచూపు చాలు. ఇంట్లో పెద్దలు ఈ ఏడాది యాత్రకు బయలుదేరుతుంటే, పిల్లలు వారి సంచిని ఒకసారి విప్పి ఈ మూడూ ఉన్నాయో లేదో చూడడం మంచిది.