స్టాటిక్ వేరియబుల్: స్కోప్ వేరు, లైఫ్‌టైమ్ వేరు

సి భాష నేర్చుకొనే మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. పేరు ప్రోగ్రాంలో ఎంతవరకు చెల్లుతుందో అది స్కోప్. మెమరీలో ఎంతసేపు ఉంటుందో అది లైఫ్‌టైమ్.

ఒక ఫంక్షన్‌లో ‘ఇంట్ ఎ = 0; స్టాటిక్ ఇంట్ బి = 0;’ అని రాసి, రెండింటికీ ఒకటి కలిపి ప్రింట్ చేద్దాం. ఆ ఫంక్షన్‌ను మూడుసార్లు పిలిస్తే ‘ఎ’ ప్రతిసారీ 1 గానే వస్తుంది. ‘బి’ మాత్రం 1, 2, 3 అవుతుంది. ‘ఎ’ ఫంక్షన్ ముగియగానే పోయి, పిలిచినప్పుడల్లా కొత్తగా పుడుతుంది. ‘బి’కి సున్నా ఒక్కసారే పడుతుంది, అదీ మెయిన్ మొదలుకాక ముందే. ప్రోగ్రాం ముగిసేదాకా అది పోదు. అలాగని మెయిన్‌లో ‘బి’ అని రాస్తే కంపైలర్ ఒప్పుకోదు. వార్డెన్ గారి గదిలో హాజరు రిజిస్టరు లాంటిదన్నమాట: ఏడాదంతా ఉంటుంది, గది దాటి రాదు.

అయితే ‘బి’ అడ్రస్‌ను రిటర్న్ చేస్తే బయటి నుంచీ వాడుకోవచ్చు. ‘ఎ’ అడ్రస్‌తో ఆ పని చేయకూడదు, అప్పటికి ‘ఎ’ ఉండదు. మేము వెళ్లిన ఇంటర్వ్యూలలో తిప్పి తిప్పి అడిగింది ఇదే.

ఫంక్షన్ల బయట రాసిన వేరియబుల్ ఎలాగూ చివరిదాకా ఉంటుంది. అక్కడ స్టాటిక్ అంటే ఆ పేరు ఆ ఫైలుకే పరిమితమని అర్థం. ఒకే మాటకు ఇలా రెండు పనులు అప్పగించడం మాకైతే నచ్చలేదు.