కండెల గదిలో పెట్రోలు ఇంజను ఎందుకు ఆగినది?

దేవనహళ్ళిలోని మా సంఘపు కండెల గదికి ఒక చిన్న పెట్రోలు జనరేటరు కలదు. కరెంటు పోయినప్పుడు కండెలు చుట్టు యంత్రములకు, మగ్గముల మీది దీపములకు అదియే ఆధారము. ఒక శ్రావణమాసమున, పెండ్లి చీరెల గడువు దగ్గరపడినప్పుడు, ఆ ఇంజనుకు వింత రోగము పట్టుకొన్నది. తాడు లాగగానే చక్కగా నడుచును; పావుగంట కాగానే దగ్గి ఆగిపోవును. కొంతసేపు విడిచి లాగినచో మరల నడుచును, మరల పావుగంటకు ఆగును. కండెలు అందక మగ్గములు నిలిచిపోయినవి. నాడె ఆడని పూట కూలి లేని పూట యని మన కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు.

నేను మొదట చేసిన పని, పెట్రోలు తెచ్చు కుర్రవానిని గదమాయించుట. "ఏమిరా, కిరసనాయిలు కలిసిన సరుకు తెచ్చినావా?" అంటిని. "లేదయ్యా, బంకులోనే పట్టించినాను" అని వాడు మొరపెట్టుకొన్నను వినక ఒక పూట కూలి తగ్గించితిని. ప్లగ్గు కూడ క్రొత్తది వేయించితిని. ఫలితము లేదు.

చివరకు దొడ్డబళ్ళాపురము నుండి ఒక ముసలి మేస్త్రీని పిలిపించితిమి. ఆయన సంచి విప్పనేలేదు. ఇంజను ఆగువరకు బీడీ కూడ ముట్టించక కూర్చుండి, ఆగగానే టాంకి మూత త్రిప్పినాడు. 'స్స్' మని గాలి లోనికి పోయిన చప్పుడు అందరికి వినబడినది. మూత వదులుగా ఉంచి తాడు లాగగా ఒక్క లాగుకే నడిచినది. మూతలోని సన్నని గాలిరంధ్రము పట్టుపీచుతో, నూనె జిడ్డుతో పూడిపోయినదట!

మన ఇంటి నూనె డబ్బాను తలచుకొనుడు. ఒకే చిల్లు పొడిచినచో నూనె గుటగుటలాడి ఆగును. రెండవ చిల్లు పొడిచినచో ధారగా వచ్చును. టాంకి సంగతియు అంతే. పెట్రోలు దిగినకొలది పైనుండి గాలి చేరవలెను. చేరకున్నచో కార్బురేటరులోని చిన్న గిన్నె ఖాళీయై ఇంజను ఆగును. కాసేపు ఊరకున్నచో గాలి మెల్లగా ఊరి, పెట్రోలు మరల దిగును. వేడెక్కిన తరువాత ఆగుట కాయిల్ చెడినప్పుడును కలదు గాని, అప్పుడు మూత తెరచినను లాభము లేదు, చల్లారువరకు నడువదు. కొన్ని జనరేటర్ల మూతపై చిన్న మీట ఉండును. దానిని తెరువ మరచినను ఇదే రోగము.

మొదలే నడువనిచో ప్లగ్గు విప్పి చూడవలెను. తాడు పలుమార్లు లాగిన పిమ్మటను పొడిగా ఉన్నచో పెట్రోలు చేరుటలేదు: కుళాయి, జల్లెడ, గొట్టము, జెట్టు వరుసగా చూడుడు. తడిసి వాసన కొట్టుచున్నచో పెట్రోలు ఎక్కువైనది, లేదా నిప్పురవ్వ పుట్టుటలేదు. చోకు వేసి ఉంచినంతసేపే నడిచినచో జెట్టులో నలక ఉండవచ్చును. నల్లని పొగ వచ్చినచో గాలి జల్లెడను చూడుడు. మన గదులలోని పీచు దానిని వారములలోనే మూయును. జెట్టును గాలితో ఊది శుభ్రపరుపవలెను గాని, చేతికందినదిగదా యని అచ్చు పన్నుతో పొడువరాదు. రంధ్రము వెంట్రుకవాసి పెరిగినను పెట్రోలు పాలు తప్పును.

ఇంకొక సంగతి. 20 పాళ్ళు ఇథనాలు కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న మన బెంగళూరులోనే ప్రారంభించినారు. ఇథనాలు నీటిని పీల్చుకొనును. నీరు మితిమీరినచో రెండును కలిసి అడుగున వేరుపడును. కార్బురేటరు గిన్నె అడుగు మరను వదులుచేసి గాజుగ్లాసులోనికి పట్టినచో ఆ పొర కంటికి కనబడును. పాత ఇంజన్లలోని రబ్బరు గొట్టములు ఉబ్బుటయు, పగులుటయు కలదు. కావున నెలల తరబడి పెట్రోలు నిలువ ఉంచరాదు. కొంతకాలము వాడనిచో కుళాయి మూసి, ఇంజను తనంతట ఆగువరకు నడిపించుడు. గిన్నెలో జిగురు పట్టదు.

ఈ పనులన్నియు ఇంజను ఆపి, చల్లారిన తరువాత, ఆరుబయట చేయవలెను. మేస్త్రీ వలె వేడి ఇంజను మూత తెరచుట మనకు వద్దు. వానలో తడియునని జనరేటరును మగ్గముల గదిలోనికిగాని వసారాలోనికిగాని తేరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారు నిద్రలోనే పోవుదురు. ఇంటికి దూరముగా, పొగ గొట్టము కిటికీల వైపు లేకుండ నిలుపుడు.

కుర్రవాని కూలి శనివారపు బట్వాడాలో కలిపి ఇచ్చితిని. లెక్కపెట్టుకొని, "మూత నేనే చూచుకొందునయ్యా, మీరు ముట్టవద్దు" అన్నాడు. నాటినుండి నేను ముట్టలేదు.