గంజాయి ముందా, గొంతులు ముందా?

న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని పరిశోధకులు ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. వాళ్లకు పదకొండేళ్లప్పుడు కొన్ని వింత ప్రశ్నలు వేశారు. నీ మనసులో మాట ఎవరైనా చదివేశారా? టీవీలోంచి నీ ఒక్కడికే కబుర్లొచ్చాయా? ఎవరికీ వినపడని గొంతులు నీకు వినిపించాయా?

ఈ ప్రశ్నల విలువ చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. గంజాయికీ, లేనివి వినిపించే, లేనిపోని నమ్మకాలు కలిగే సైకోసిస్‌కీ లంకె ఉందని స్వీడన్ సైన్యంలో చేరినవారిపై జరిపిన అధ్యయనం 1987లోనే చెప్పింది. యాభైసార్లకు మించి తాగామన్నవారిలో, సైకోసిస్ కోవకే చెందిన స్కిజోఫ్రీనియా అనే జబ్బు ముట్టనివారికన్నా ఆరు రెట్లు. అయితే ఏది ముందు? అప్పటికే మనసు కలతపడ్డవాడే ఉపశమనం కోసం గంజాయి పట్టాడేమో!

డ్యునెడిన్ లెక్కలు 2002లో వచ్చాయి. పదిహేనేళ్లకే గంజాయి అలవాటైనవారిలో 10.3 శాతం మందికి ఇరవయ్యారేళ్లకల్లా స్కిజోఫ్రీనియాను పోలిన జబ్బు కనిపించింది. అలవాటు లేనివారిలో అది 3 శాతమే. పదకొండేళ్లనాటి జవాబుల్ని లెక్కలోకి తీసుకుంటే తేడా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఆ 10.3 శాతమంటే 29 మందిలో ముగ్గురు. అంత చిన్న గుంపును పట్టుకుని తీర్పు చెప్పేయకూడదు. నాకు తోచేదేమంటే, రెండు దారులూ నిజమే: బలహీనత ముందే ఉండొచ్చు, గంజాయి దాన్ని ఎగదోయనూవచ్చు.

గంజాయిలో మత్తెక్కించే పదార్థమైన టీహెచ్‌సీ మెదడులోని సీబీ1 గ్రాహకాలకు అతుక్కుంటుంది. నరకణాల మధ్య సంకేతాల జోరును అదుపుచేసేవి ఇవే. టీనేజీలో మెదడు నరకణాల మధ్య అక్కర్లేని లంకెల్ని తెంచుకుంటూ తనను తాను సర్దుకుంటుంటుంది. పొగ వచ్చి పడేది సరిగ్గా ఆ పనిలోనే. దాంతో మెదడులోని డోపమైన్ అనే రసాయనం తీరు చెడితే మామూలు విషయాలకూ లేని అర్థం అంటుకుంటుంది. వీధి చివర ఆగిన బైకు తనకోసమే కాపు కాస్తోందని కుర్రాడు తలుపు గడియ పెట్టుకుంటాడు. నిజానికి గంజాయి తాగేవారిలో ఎక్కువమందికి ఈ గతి పట్టదు. ఇంట్లో ఇలాంటి జబ్బున్నవారు ఉంటే, సరుకులో టీహెచ్‌సీ ఎక్కువుంటే, రోజూ తాగితే ముప్పు పెరుగుతుంది.

'మత్తు దిగితే అదే తగ్గుతుందిలే' అని ఇంట్లోవాళ్లు అనుకోవడం సహజం. చాలామందికి తగ్గుతుంది కూడా. కానీ ఫిన్లాండ్ ఆసుపత్రి రికార్డుల్లో గంజాయి వల్ల వచ్చిన సైకోసిస్ అని రాసినవారిలో 46 శాతం మందికి ఎనిమిదేళ్లలోపు స్కిజోఫ్రీనియా కోవ జబ్బు నిర్ధారణైంది. మద్యం వల్ల వచ్చినదైతే 5 శాతం. అందుకే తగ్గి ఇంటికెళ్లిన కుర్రాణ్ని డాక్టరు మళ్లీ మళ్లీ రమ్మంటాడు.